గౌరికి వచ్చిన మండే జబ్బు

సోమవారం పొద్దున్నే స్టాండప్ మీటింగ్ అంటే మీకు ఒళ్ళు బరువెక్కుతుందా? నాకైతే బాగా. శని, ఆదివారాలు మంచం దిగకుండా బిర్యానీ తిని, రీల్స్ చూసి, సోమవారం ఆఫీసు మెట్లెక్కుతుంటే తొడలు పట్టేస్తాయి. మా టీమ్‌లో దీనికి 'మండే ఫీవర్' అని పేరు పెట్టుకుని నవ్వుకుంటాం.

అయితే ఫ్రెండ్స్, 'మండే మార్నింగ్ డిసీజ్' అని నిజంగానే ఒక జబ్బుంది. అది మనకి కాదు, గుర్రాలకి వస్తుంది. నేను దాని గురించి చదివి తెలుసుకోలేదు. చింతపల్లి అవతల ఒక కొండ దారిలో, చలిలో, ఒక గుర్రం నా కళ్ళ ముందే కొయ్యబారిపోతే తెలిసింది. అందులో నా తప్పు కూడా ఉంది. రెండేళ్ళ నుంచి ఎవరికీ చెప్పలేదు. ఈ వారం చెప్పేస్తాను.

బీచ్ గుర్రం, కొండ గుర్రం

నేను పుట్టి పెరిగింది ఉక్కునగరంలో. నాన్న స్టీల్ ప్లాంట్ కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. నేను రుషికొండ ఐటీ హిల్ మీద ఒక కంపెనీలో కోడ్ రాసుకుంటుంటాను. మా వైజాగోళ్ళకి గుర్రం అంటే ఆర్కే బీచ్. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఇసకలో ఒక రౌండ్, ఒక ఫోటో, అయిపోయింది. చలి అంటే కూడా మాకు పెద్దగా తెలీదు. జనవరి రాత్రి పదిహేడో పద్దెనిమిదో డిగ్రీలకి పడితే మంకీ క్యాపులు బయటికి తీసేస్తాం.

కానీ ఇక్కణ్ణుంచి నర్సీపట్నం మీదుగా వెళ్ళి ఘాట్ ఎక్కితే లంబసింగి వస్తుంది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. దానికే కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి ఆరుబయట ఉన్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకి అర్థం చెబుతారు. చలికాలంలో పేపర్ చూసేవాళ్ళకి చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదయ్యే ఉష్ణోగ్రత తెలిసే ఉంటుంది. చాలా రోజులు ఒంటి అంకె. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక ఇదంతా అల్లూరి సీతారామరాజు జిల్లా.

మనం అక్కడికి చెరువులవేనంలో మేఘాల మీద సెల్ఫీ కోసం వెళ్తాం. టీ తాగి దిగిపోతాం. రోడ్డు లేని కొండ ఊళ్ళలో మాత్రం గుర్రమే లారీ, గుర్రమే బైకు. డిపో బియ్యం, సంత సరుకులు, సిమెంటు బస్తాలు అన్నీ దాని వీపు మీదే ఎక్కుతాయి. జి.మాడుగుల మండలంలో ఒక మాస్టారు గుర్రం మీద బడికి వెళ్ళడం కొన్నేళ్ళ క్రితం వార్తల్లోకి కూడా ఎక్కింది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. చలి గట్టిగా ఉండే డిసెంబర్, జనవరి నెలలే కాఫీ కోత కాలం. 2019లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న మన అరకు వ్యాలీ అరబికా, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య, సరిగ్గా ఆ చలిలోనే పండుతుంది. అంటే ఏడాది మొత్తంలో గుర్రానికి ఎక్కువ పని పడేది ఒంటికి ఎక్కువ కష్టమైన రోజుల్లోనే.

గౌరి

నా కొలీగ్ ఒకడిది చింతపల్లి దాటాక లోపలెక్కడో ఒక చిన్న ఊరు. ఊరి పేరు చెప్పను, వాళ్ళకి ఇబ్బంది. మండల కేంద్రం దాటాక రోడ్డు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్ల నడక, మధ్యలో గుండె ఆగిపోయే ఒక మిట్ట.

"గురూ, ఈ చలికాలం మా ఊరు వచ్చీ, కాఫీ కోత సూపిస్తాను" అన్నాడు. ఒక డిసెంబర్ గురువారం రాత్రి బయల్దేరాం. ఆ వారమంతా అల్పపీడనం. నాలుగు రోజులుగా ముసురు వదల్లేదు. మేం శుక్రవారం పొద్దున ఊరు చేరేసరికి రెయిన్‌కోటు లోపల కూడా తడిసిపోయాం.

వాళ్ళ ఇంటి పక్క గడ్డి పాకలో గౌరి ఉంది. ఎర్ర గోధుమ రంగు ఆడగుర్రం. సినిమాల్లో చూసే ఎత్తు గుర్రం కాదు, నా భుజం దాకా కూడా రాదు. కానీ ఒంటి మీద బొచ్చు చూస్తే బీచ్ గుర్రాలకి చుట్టం అని ఎవరూ అనుకోరు. టెడ్డీ బేర్‌లా ఉంది.

దాని బాధ్యత మా వాడి తమ్ముడిది. ఇంటర్ చదువుతున్నాడు. చింతపల్లిలో హాస్టల్, శెలవులొస్తే ఇల్లు. వాడికి గౌరి అంటే ప్రాణం. మా వాడి నాన్నని నేను బాబాయ్ అని పిలిచాను. ఆయన మాట తక్కువ. కానీ నేను అడిగే ప్రతి వెర్రి ప్రశ్నకీ ఓపిగ్గా జవాబు చెప్పారు.

"బాబాయ్, పాకకి ఒక వైపు గోడే లేదు. చలి కొట్టదా? నా దగ్గర టార్పాలిన్ ఉంది, చుట్టూ కట్టేద్దామా?"

"వొద్దు బాబూ. గాలి తగలకుండా మూసీగూడదు. దాని ఉచ్చ వాసనకి దానికే ఊపిరాడదు. ఈదర గాలి వచ్చే వైపు తడిక ఉంటే సాలు. పైన తడవకూడదు, కింద బురద ఉండకూడదు."

తర్వాత నేను చదువుకుంటే పశువైద్య పుస్తకాలు చెప్పేదీ అదే. మూసేసిన పాకలో మూత్రం నుంచి అమోనియా పేరుకుని ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. గుర్రానికి చలికంటే పెద్ద శత్రువులు రెండు: తడి, ఈదురుగాలి. ఒంటి వెంట్రుకలు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. అదే దాని స్వెట్టర్. తడిస్తే ఆ వెంట్రుకలు చర్మానికి అంటుకుపోతాయి, స్వెట్టర్ పోయినట్టే.

ఇంకో విషయం నాకు భలే నచ్చింది. ఆ చలికాలపు బొచ్చు పెరగాలని గుర్రం ఒంటికి సిగ్నల్ ఇచ్చేది ప్రధానంగా చలి కాదు, పగటి పొడవు. పొద్దు తగ్గుతున్న కొద్దీ బొచ్చు దట్టమవుతుంది. పొట్టి బొచ్చున్న గుర్రం సుమారు 5 డిగ్రీల దగ్గరే వేడి కోసం అదనంగా శక్తి ఖర్చుపెట్టడం మొదలుపెడుతుంది. బాగా బొచ్చు పెరిగి, పొడిగా ఉన్న గుర్రం సున్నా కంటే చాలా కింద కూడా నిలబడుతుంది. లడఖ్‌లో జన్‌స్కరీ పోనీలు, సైబీరియాలో యకూత్ గుర్రాలు అలాగే బతుకుతున్నాయి. అంతెందుకు, దక్షిణ ధ్రువానికి స్కాట్ బృందం తీసుకెళ్ళిన పోనీల కష్టం కూడా ఇదే. గుర్రానికి ఒళ్ళంతా చెమట పడుతుంది, ఆ చెమట వాటి ఒంటి మీదే గడ్డకట్టేది. మజిలీ చేసిన ప్రతి చోటా మనుషులు గాలికి అడ్డంగా మంచు గోడలు కట్టాల్సి వచ్చేది. కుక్కలతో వెళ్ళిన అముండ్‌సెన్‌కి ఆ బాధ లేదు. 1911 డిసెంబర్ 14న ధ్రువం చేరిపోయాడు.

పొయ్యి కడుపులోనే

శుక్రవారం సాయంత్రం ముసురు తగ్గింది. రాత్రికి మబ్బు పూర్తిగా విడిపోయింది. ఆకాశం నిండా చుక్కలు. అందంగానే ఉంటుంది కానీ, మబ్బు దుప్పటి తీసేశాక నేల వేడి అంతా పైకి పోతుంది. తెల్లారేసరికి నా ఫోన్ థర్మామీటర్ యాప్ 8 చూపించింది. సిగ్నల్ లేదు కాబట్టి అది ముందురోజు చింతపల్లి అంచనా. నా పళ్ళు చెప్పిన లెక్క ఇంకా తక్కువే.

పొద్దున్నే పిన్ని కట్టెల పొయ్యి మీద గుండిగతో నీళ్ళు కాచింది. నా స్నానానికి అనుకుని తువ్వాలు తీసుకుని వెళ్ళాను. ఆ నీళ్ళు గౌరికి! బకెట్టు చన్నీళ్ళలో రెండు చెంబుల వేణ్ణీళ్ళు కలిపి పెట్టారు. తమ్ముడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అన్నయ్యా, సల్లటి నీళ్ళయితే అది మూతి పెట్టి వదిలేస్తాది. తాగకపోతే పేడ గట్టిపడిపోద్ది. అప్పుడు కడుపునొప్పి."

ఇది చిన్న విషయం కాదు. గుర్రానికి రోజుకి ఇరవై నుంచి నలభై లీటర్ల నీళ్ళు కావాలి, ఒంటి సైజుని బట్టి. చలిలో దాహం తగ్గుతుంది, మేసేదేమో ఎండుగడ్డి. నీళ్ళు తగ్గితే పేగుల్లో మేత గడ్డకట్టి అడ్డం పడుతుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే గుర్రానికి కడుపునొప్పి అంటే ప్రాణాల మీదికి వచ్చినట్టే. గోరువెచ్చటి నీళ్ళు, చిటికెడు ఉప్పు, ఈ రెండూ మనకి ఖర్చు లేని ఇన్సూరెన్స్.

మేత విషయంలో కూడా నా అంచనా తప్పింది. చలికి బలమైన దాణా పెడితే వెచ్చగా ఉంటుందనుకున్నాను. నిజానికి వేడినిచ్చేది గడ్డి. గుర్రం పెద్దపేగులో సూక్ష్మజీవులు ఆ పీచుని గంటల తరబడి పులియబెడుతుంటాయి, ఆ పనిలో వేడి పుడుతుంది. అందుకే బాబాయ్ రాత్రి పడుకునే ముందు ఇంకో మోపు గడ్డి వేస్తారు. ఇది ఫోన్లో చెప్తే మా నాన్న వెంటనే అందుకున్నారు: "మా కోక్ ఓవెన్ లాంటిదే కదరా. ఒకసారి వేడెక్కించాక బ్యాటరీని చల్లారనివ్వం. చల్లారితే లోపల ఇటుకలు పగిలిపోతాయి."

శనివారం పగలంతా అందరం కాఫీ తోటలోనే ఉన్నాం. నాలుగు రోజుల ముసురుకి కోత ఆగిపోయింది. పళ్ళు ముగ్గి రాలిపోతున్నాయి. చేతులు కొంకర్లు పోతున్నా చీకటి పడేదాకా కోశాం. కాఫీ పళ్ళు బస్తాల్లో ఎక్కువసేపు ఉంటే పులిసిపోతాయి. ఆదివారం పొద్దున్నే రోడ్డు దగ్గరికి జీపు వస్తుంది, ఆలోగా దింపేయాలి.

ఈ అయిదు రోజులూ గౌరికి పని లేదు. ముసురులో దారి జారుడు కాబట్టి బాబాయ్ దాన్ని కదపలేదు. అందుకే తమ్ముడితో చెప్పి దాని ఉలవలు సగానికి సగం తగ్గించారట. అది నాకు తెలీదు.

ఇక నా తప్పు

మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిన మాట ఒకటుంది కదా, గుర్రాలకి గుగ్గిళ్ళు అని. ఉలవల్ని ఇంగ్లిష్‌లో కూడా గుర్రం పేరుతోనే పిలుస్తారు. శుక్రవారం సాయంత్రం దొడ్లో ఉడకబెట్టిన ఉలవల గిన్నె కనిపించింది. గౌరి నా వైపు చూస్తోంది. దోసిలితో పెట్టాను. మెత్తటి పెదాలు నా అరచేతిలో తిరుగుతుంటే ఎంత బాగుందో! ఒక చేత్తో వీడియో తీశాను. తర్వాత ఇంకో దోసిలి. ఇంకోటి.

శనివారం రాత్రి మళ్ళీ వెళ్ళాను. ఈసారి లైటింగ్ కోసం టార్చ్ సెట్ చేసుకుని మరీ. గిన్నెలో ఉన్న ఉలవలన్నీ అయిపోయాయి. వెనక్కి తిరిగితే తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఏదో చెప్పబోయాడు, ఇంటికొచ్చిన అన్నయ్యని అనలేక ఆగిపోయాడు. నేను కన్ను కొట్టి, "ఎవరికీ చెప్పకు" అన్నాను. నిజంగా అలాగే అన్నాను.

ఆదివారం పొద్దున ఆరున్నర. బాబాయ్ కళ్ళెం ఇనుప ముక్కని చొక్కా లోపల చంకలో పెట్టుకుని కాసేపు వెచ్చబరిచి అప్పుడు గౌరి నోట్లో పెట్టారు. గడ్డకట్టేంత చల్లబడిన ఇనుము నాలుకకి తగిలితే చర్మం ఊడొస్తుందట. తర్వాత ఖాళీగా ఊరి చుట్టూ తిప్పుదామనుకున్నారు. ఇంతలో జీపు ముందే వస్తోందని కబురొచ్చింది. తొందర. రెండు వైపులా రెండు బస్తాలు కట్టేశారు. బయల్దేరాం.

మిట్ట సగం ఎక్కామో లేదో, గౌరి నడక మారింది. వెనక కాళ్ళు పొట్టి పొట్టి అడుగులు వేస్తున్నాయి. అంత చలిలో మెడ మీద, పక్కల మీద చెమట. ముక్కుపుటాలు పెద్దవయ్యాయి. ఇంకో పది గజాలు పోయి ఆగిపోయింది. తొడ కండలు చేత్తో ముట్టుకుంటే సిమెంటులా ఉన్నాయి.

నాకు అప్పటికే తమ్ముడు చెప్పిన కడుపునొప్పి సంగతి బుర్రలో ఉంది. గుర్రానికి కడుపునొప్పి వస్తే నడిపించాలని ఎక్కడో వీడియోలో చూశాను. తెలివైనవాణ్ణి కదా, వెంటనే పగ్గం పట్టుకుని "కమాన్ గౌరీ" అని లాగాను. అది ఒక్క అడుగు వేయబోయి మూలిగింది. గుర్రం మూలగడం నేను అంతకుముందు వినలేదు.

"కదపకండి! వదిలీండి బాబూ!" బాబాయ్ అరిచారు. ఆయన గొంతు పెద్దది కావడం అదే మొదటిసారి, అదే చివరిసారి. కత్తితో తాళ్ళు కోసి బస్తాలు అక్కడే దింపేశారు. తన దుప్పటి తీసి దాని నడుం మీద కప్పారు. ఎండుగడ్డి ముద్ద చేసి మెడ మీద చెమట తుడవడం మొదలుపెట్టారు. కాసేపటికి గౌరి మూత్రం పోసింది. బ్లాక్ కాఫీ రంగులో ఉంది.

సిగ్నల్ బండ

ఆ ఊళ్ళో ఫోన్ మోగాలంటే మిట్ట పైన ఒక బండ ఎక్కాలి. దాని పేరే సిగ్నల్ బండ. నేనూ మా వాడూ పరిగెత్తాం. 1962కి కొట్టాం. ఇది పశువుల అంబులెన్స్ టోల్ ఫ్రీ నంబర్, మనుషులకి 108 ఎలాగో అలాగ. మీ ఫోన్లో సేవ్ చేసుకోండి, ఇప్పుడే. లైన్లో ఉన్నాయన ముందు చెప్పింది బాబాయ్ చెప్పినదే: అడుగు కూడా కదపొద్దు, గాలి తగలనీయొద్దు, నీళ్ళు అందుబాటులో పెట్టండి, దాణా ముట్టించొద్దు.

డాక్టర్ గారు బండి రోడ్డు చివర ఆపి, బ్యాగు భుజాన వేసుకుని నడిచొచ్చేసరికి పన్నెండు దాటింది. అప్పటిదాకా మేం గౌరి చుట్టూ టార్పాలిన్ పట్టుకుని గాలికి గోడలా నిలబడ్డాం. స్కాట్ కట్టించిన మంచు గోడ సంగతి అప్పుడు నాకు తెలీదు. తెలిసుంటే కాస్త ధైర్యంగా ఉండేదేమో.

ఇంజెక్షన్ ఇచ్చారు. సెలైన్ ఎక్కించారు. అప్పుడు అడిగారు: "ఎన్నాళ్ళు ఖాళీగా ఉంది? ఏం పెట్టారు?"

"అయిదు రోజులండి. ఉలవలు సగం తగ్గించీసినాం" అన్నారు బాబాయ్.

"తగ్గిస్తే ఇంత రాకూడదే."

బాబాయ్ తమ్ముడి వైపు తిరిగారు. "నీకు సెప్పినానా లేదా? పని లేనప్పుడు దాణా తగ్గించమని సెప్పినానా లేదా?"

వాడు తల దించుకున్నాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా వైపు చూసి మళ్ళీ నేల చూశాడు. నోరు విప్పలేదు. పదిహేడేళ్ళ కుర్రాడు, నేను కన్ను కొట్టి అడిగిన మాట కోసం తిట్లు తింటున్నాడు.

నేను ఎంతసేపు ఆగానో తెలీదు. అయిదు సెకన్లు కావచ్చు. సెలైన్ చుక్కలు లెక్కపెట్టుకున్నట్టు గుర్తు. ఆ అయిదు సెకన్లలో నా బుర్రలో తిరిగిన ఆలోచన గౌరి గురించి కాదు, నా పరువు గురించి. అది నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

"నేను పెట్టాను సార్. రెండు రాత్రులు. చాలా పెట్టాను. తమ్ముడికి సంబంధం లేదు" అన్నాను.

డాక్టర్ గారు తిట్టలేదు. ఎంత పెట్టావు, ఎప్పుడు పెట్టావు అని అడిగి రాసుకున్నారు. "ఇది చెప్పడం మంచిదయింది. రేపట్నించి ఎలా చూసుకోవాలో దీన్ని బట్టే చెప్పాలి" అన్నారు. బాబాయ్ కూడా ఏమీ అనలేదు. "తెలీక సేసినావు బాబూ" అన్నారంతే. తిట్టుంటే బాగుండేది.

అసలేం జరిగింది?

డాక్టర్ గారు చెప్పింది నా భాషలో చెప్తాను. పనిచేసే గుర్రం కండల్లో పిండిపదార్థం ఇంధనంగా నిల్వ ఉంటుంది. పని ఉన్న రోజు ఖర్చయిపోతుంది. పని ఆపేసి దాణా మాత్రం అలాగే పెడితే ఆ నిల్వ పేరుకుపోతుంది. అప్పుడు వార్మప్ లేకుండా, చలిలో, ఒక్కసారిగా బరువెత్తించి ఎత్తు ఎక్కిస్తే కండలు పట్టేసి దెబ్బతింటాయి. దెబ్బతిన్న కండలోంచి ఒక రంగు పదార్థం రక్తంలోకి వచ్చి మూత్రంలో దిగుతుంది. కాఫీ రంగు అందుకే. అది మూత్రపిండాల్ని పాడు చేయగలదు. ఆ స్థితిలో నడిపిస్తే కండ ఇంకా తెగుతుంది. నేను లాగిన ఆ ఒక్క అడుగు కూడా చేటే.

పూర్వం యూరప్, అమెరికాల్లో బండ్లు లాగే గుర్రాలకి ఆదివారం సెలవు. సెలవు రోజు కూడా దాణా మామూలే. సోమవారం బండికి కట్టగానే ఇలా కొయ్యబారిపోయేవి. మండే మార్నింగ్ డిసీజ్ అనే పేరు అలా వచ్చింది. మనకో సామెత ఉంది, గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదని. దాన్ని వెటకారంగా వాడతాం కానీ, దాణాలో తక్కువ చేయాల్సిన రోజులు నిజంగానే ఉంటాయి.

ఇక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, చలిలో గుర్రానికి విశ్రాంతి అంటే కట్టేసి ఉంచడం కాదు. రోజూ కొంచెమైనా నడవాలి. ముసురు రోజుల్లో కూడా ఊళ్ళోనే పావుగంట తిప్పితే చాలు. పని మొదలుపెట్టే ముందు పది నిమిషాలు బరువు లేకుండా నడక, అయ్యాక చెమట ఆరేదాకా మళ్ళీ నడక, ఎండుగడ్డితో ఒళ్ళు రుద్దడం. తడి ఒంటితో చలిలో నిలబెట్టకూడదు. విరాటుడి కొలువులో నకులుడు దామగ్రంథిగా చేరి గుర్రాలు చూసుకున్నాడని భారతంలో చదివి, పాండవుల్లో ఈయనకి ఈజీ జాబ్ దొరికిందే అనుకునేవాణ్ణి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ తర్వాత

గౌరి సాయంత్రానికి నెమ్మదిగా పాక చేరింది. బతికింది. కానీ మూడు వారాలు బరువు మోయలేదు. సరిగ్గా కోత ముమ్మరంగా ఉన్న మూడు వారాలు. మొదట పాకలోనే విశ్రాంతి, గడ్డి, నీళ్ళు, ఉప్పు. తర్వాత రోజూ పది నిమిషాలు ఉత్త నడక. తర్వాత పావుగంట. అలా.

ఆ ఆదివారం బస్తాలు మేమే మోశాం. నేను సోమ, మంగళవారాలు లీవ్ పెట్టి ఇంకో ఆరు బస్తాలు దింపాను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఒక్కో బస్తా మోయడానికి నాకు పట్టిన టైంలో పిన్ని రెండు మోసింది. నేను వెళ్ళిపోయాక మిగతా మూడు వారాలు వాళ్ళే కావడి వేసుకున్నారు. తమ్ముడు హాస్టల్‌కి వారం లేటుగా వెళ్ళాడు. పక్క ఊరి గుర్రం అద్దెకి నేను డబ్బు పంపితే బాబాయ్ రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి మా వాడి చేత బలవంతాన ఇప్పించాను. అయినా కొన్ని బస్తాల పళ్ళు పులిసిపోయి పారేశారని తర్వాత తెలిసింది. ఆ లెక్క నాతో ఎవరూ చెప్పలేదు, మా వాడు కూడా.

గౌరి ఉలవలు తింటున్న వీడియో నా ఫోన్లోనే ఉంది. పోస్ట్ చేయలేదు.

మీ కోసం నాలుగు మాటలు

ఈ చలికాలం లంబసింగిలోనో అరకులోనో, లేదా మన బీచ్‌లోనో గుర్రం ఎక్కేవాళ్ళు ఇవి గుర్తుపెట్టుకోండి.

ఒకటి. ఎక్కే ముందు ఒక నిమిషం చూడండి. కుంటుతోందా, వీపు మీద పుండుందా, డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయా, ఒళ్ళు తడిగా ఉండి వణుకుతోందా. ఏ ఒక్కటి కనిపించినా ఎక్కొద్దు. ఆ మాట గుర్రం అతనికి మర్యాదగా చెప్పండి.

రెండు. ఎక్కగానే పరిగెత్తించమని అడగొద్దు. మొదటి పది నిమిషాలు నడకే. మీ రీల్ ఎక్కడికీ పోదు.

మూడు. యజమానిని అడక్కుండా ఏదీ పెట్టొద్దు. బిస్కెట్ కాదు, బ్రెడ్ కాదు, క్యారెట్ కూడా కాదు. ప్రేమ పొంగితే మెడ నిమరండి.

నాలుగు. బరువు. పశువుల చేత బరువు మోయించడానికి మన దేశంలో 1965 నాటి రూల్స్ ఉన్నాయి. పోనీ వీపు మీద 70 కిలోలకి మించకూడదు. పెద్దవాళ్ళిద్దరు కలిసి ఎక్కి ఫోటో దిగితే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

నిరుడు డిసెంబర్లో బాబాయ్ రమ్మని కబురు పంపారు, నాకు ధైర్యం చాల్లేదు. ఈసారి వెళ్తున్నాను. తమ్ముడు ఇంటర్ పాసై పశువైద్య డిప్లొమాకి అప్లై చేశాడు, సీటు కోసం చూస్తున్నాడు. గౌరి కోసం ఏం తేవాలని వాడికి మెసేజ్ పెట్టాను. రెండు రోజుల తర్వాత, సిగ్నల్ బండ ఎక్కినప్పుడు కాబోలు, జవాబొచ్చింది.

"ఒక ఉప్పు బండ తెండి అన్నయ్యా. తినడానికి ఇంకేటీ వొద్దు."